హార్మోన్లు, నెలసరి, సంతానం: ల్యాబ్ కిటికీ దగ్గర మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

పదహారేళ్లుగా నెల్లూరు పొగతోటలో రక్తం తీసే పని నాది. పొద్దున ఏడింటికే కావలి, కందుకూరు, ఒంగోలు, పొదిలి నుంచి బస్సు దిగి వస్తుంటారు. డాక్టరు గదిలో నోరు పెగలక, బయటికొచ్చాక నన్ను పట్టుకుని "అక్కా, ఇదేంది, ఎందుకిట్లా వచ్చింది" అని అడుగుతారు. అందరివీ అవే ప్రశ్నలు కాబట్టి, మాకు తెలిసిన డాక్టర్ల దగ్గర సరిచూసుకుని రాసిపెట్టాను. నేను డాక్టరును కాదు. మందు మార్చడం, ఆపడం మిమ్మల్ని చూసే డాక్టరు పని.

షుగర్ రిపోర్టులాగా హార్మోన్ రిపోర్టును అంకె చూసి చెప్పేయలేం. ఏ రోజు తీశారు, ఏ పూట తీశారు, ముందు ఏ మాత్ర వేసుకున్నారు అన్నది తెలియకపోతే అది ఉత్త అంకె. నా కిటికీ దగ్గర జరిగే గందరగోళంలో సగం ఇదే.

## పెద్దమనిషి అయ్యే వయసులో

మా పాపకు పదిహేను నిండాయి, ఇంకా పెద్దమనిషి కాలేదు. ఇంకో ఏడాది చూడమంటారా?

వద్దు, చూపించండి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపితేనే అండాశయాలు పనిలోకి దిగుతాయి. అక్కడ తయారయ్యే ఈస్ట్రోజెన్ వల్ల ముందు రొమ్ములు పెరుగుతాయి, ఆ తర్వాత రెండు మూడేళ్లకు నెలసరి మొదలవుతుంది. అందుకే 13 ఏళ్లకు రొమ్ముల ఎదుగుదల మొదలు కాకపోయినా, 15 ఏళ్లకు నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపించాలి. మరీ సన్నగా ఉండటం, థైరాయిడ్, గర్భాశయం పుట్టుకతోనే ఏర్పడకపోవడం, జన్యుపరమైన తేడా లాంటి కారణాలు ఉండొచ్చు. ఎనిమిదేళ్లలోపే ఆ మార్పులు మొదలైనా అంతే, ఆలస్యం చేయొద్దు.

పెద్దమనిషై ఏడాదిన్నర అయింది, ఒక నెల వస్తే ఇంకో నెల రాదు. పీసీఓడీనా?

అప్పుడే ఆ పేరు పెట్టకండి. మెదడుకూ అండాశయానికీ మధ్య లయ కుదరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రోజుల్లో 21 నుంచి 45 రోజులకోసారి వచ్చినా తేడా కాదు. మొదటి ఏడాది దాటాక ఎప్పుడైనా 90 రోజులు రాకపోతే, లేదా వారానికి మించి ఆగకుండా పోతుంటే చూపించాలి. ఈ వయసులో స్కానింగ్ చేస్తే చాలామంది ఆడపిల్లల అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తాయి. అందుకే పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్లలోపు స్కానింగ్ చూసి పీసీఓఎస్ (పీసీఓడీ అన్నా ఇదే) అని తేల్చవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. పద్నాలుగేళ్ల పిల్లల స్కాన్ ఫిల్ములు పట్టుకుని ఏడ్చిన తల్లులను చాలామందిని చూశాను.

చిమ్మిలి ఉండలు తినిపిస్తే హార్మోన్లు సర్దుకుంటాయా?

నువ్వులు, బెల్లం మంచి తిండే. అంతకు మించి హార్మోన్లను మార్చే మందేమీ వాటిలో లేదు. ప్రేమగా పెట్టండి, తిననివ్వండి.

పెళ్లికనీ, తిరుమలకనీ నెలసరి వాయిదా మాత్రలు వేసుకున్నాను. అందువల్లే ఇప్పుడు పిల్లలు పుట్టడం లేదా?

కాదు. అందులో ఉండేది నార్‌ఎథిస్టిరాన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ లాంటి మందు. మాత్ర వేస్తున్నన్నాళ్లూ గర్భాశయం పొర రాలకుండా నిలబెడుతుంది, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఎప్పుడో నాలుగుసార్లు వాడినంత మాత్రాన అండాలు పాడవవు. కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం మాత్రం నాకు నచ్చదు. కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు. గర్భం ఉందో లేదో చూసుకోకుండా వాడేవాళ్లూ ఉన్నారు. వాయిదా మాత్ర గర్భం రాకుండా ఆపుతుందని కూడా అనుకోకండి.

## పిల్లల కోసం చూస్తున్నప్పుడు

పెళ్లయి ఆరు నెలలే. అత్తగారు డాక్టరు దగ్గరికి పోదాం పద అంటున్నారు. పోవాలా?

మీ వయసు 35 లోపు ఉండి, నెలసరి సక్రమంగా వస్తుంటే ఏడాది వరకు టెన్షన్ పడాల్సిన పని లేదు. వందలో 80 మందికి పైగా ఆ ఏడాదిలోనే నెల తప్పుతారు. 35 దాటితే ఆరు నెలలకే వెళ్లండి. 40 దాటితే ఆగనే వద్దు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చేవాళ్లు, కడుపులో ఆపరేషన్ అయినవాళ్లు, భర్తకు యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచిన దాఖలా ఉన్నవాళ్లు కూడా ఏడాది లెక్క పెట్టుకోనక్కర్లేదు. ఇంకో మాట: భర్త గల్ఫ్‌లో ఉండి రెండేళ్లలో నలభై రోజులే కలిసి ఉంటే, దాన్ని రెండేళ్లు అనరు.

అందరికీ నెలసరి మొదలైనప్పటి నుంచి 14వ రోజునే అండం విడుదల అవుతుందా?

28 రోజులకు వచ్చేవాళ్లకు సుమారుగా అవుతుంది. అండం విడుదలైన తర్వాతి భాగం దాదాపు అందరిలోనూ 12 నుంచి 14 రోజులు. మారేదల్లా దానికి ముందు భాగమే. 35 రోజులకోసారి వచ్చే మనిషికి అండం 21వ రోజు చుట్టుపక్కల వస్తుంది. ఆమె 14వ రోజు చూసుకుని కూర్చుంటే ఆ నెల వృథా. ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరిగిన 24 నుంచి 36 గంటల్లో అండం బయటపడుతుంది, మూత్రంతో చూసే అండం కిట్లు ఆ పెరుగుదలనే పట్టుకుంటాయి. అండం ఒక్కరోజే బతుకుతుంది, వీర్యకణం లోపల ఐదు రోజుల వరకు బతకగలదు. కాబట్టి విడుదలకు ముందు ఐదు రోజులు, ఆ రోజు, ఇవే పనికొచ్చేవి. క్యాలెండర్ లెక్క కుదరకపోతే రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండొచ్చు, వాళ్లకు కిట్ తప్పు చెప్పే అవకాశం ఉంది.

పీసీఓడీ అని రాశారు. అంటే అండాశయంలో గడ్డలా? ఇంక నాకు పిల్లలు పుట్టరా?

గడ్డలు కావు, పిల్లలు పుట్టరనీ కాదు. స్కాన్‌లో ముత్యాల దండలా కనిపించేవి సగంలో ఎదుగుదల ఆగిన ఫాలికల్స్, అంటే అండం ఉండే చిన్న సంచులు. చాలామందిలో జరిగేది ఇది: ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ అండాశయాన్ని రెచ్చగొట్టి మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది. దానివల్ల గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, అండం విడుదల కాకపోవడం.

2003లో రాటర్‌డామ్‌లో కుదిరిన నిర్వచనం ప్రకారం పెద్దవాళ్లలో మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి గతి తప్పడం, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు, స్కాన్‌లో ఆ రూపం. ఒక్క స్కాన్ చూసి చెప్పరు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలు లేవని కూడా తేల్చుకోవాలి.

బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు, చాలామందికి అండం మళ్లీ విడుదలవుతుంది. 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. తగ్గకపోతే లెట్రోజోల్ లాంటి మాత్రలున్నాయి. గర్భం రాకపోవడానికి ఉన్న కారణాల్లో మందుకు బాగా లొంగే రకం ఇది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పిల్లలు అక్కర్లేదు కదా అని నెలసరి లేకుండా నెలలకు నెలలు వదిలేయకండి. అండం విడుదలయ్యాక వచ్చే ప్రొజెస్టిరాన్ లేక గర్భాశయం పొర మందమవుతూ పోతే ముందుముందు క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది.

అన్నం మానేయమన్నారు. నెల్లూరులో పుట్టి అన్నం మానేదెట్లా?

మానక్కర్లేదు, తగ్గించండి. మూడు పూటలా కంచం నిండా తెల్లన్నం ఇన్సులిన్‌ను పైకి లేపుతూనే ఉంటుంది. కొలత సగం చేసి, పక్కన కూర, పప్పు, గుడ్డు, చేప పెంచండి. చేపల పులుసు మంచిదే, అన్నం మీద ముంచెత్తకుండా చేప ముక్క ఎక్కువ తినండి. ప్రకాశం వైపు మన అవ్వలు తిన్న జొన్న సంగటి, సజ్జ రొట్టె, కొర్రన్నం ఇప్పుడు డైట్ చార్టుల్లో ఖరీదైన పేర్లతో కనిపిస్తున్నాయి. భోంచేశాక పదిహేను నిమిషాలు నడవడం కూడా లెక్కలోకి వస్తుంది.

బారాషహీద్ దర్గాలో సంతాన రొట్టె పట్టాను. మాత్రలు ఆపేయొచ్చా?

ఆపకండి. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె మార్చుకున్నవాళ్లు, జొన్నవాడ కామాక్షమ్మ దగ్గర కొడిముద్దలు అందుకున్నవాళ్లు మా ల్యాబ్‌కూ వస్తారు. రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. మొక్కుకున్నందుకు మానాల్సిన మాత్ర ఏదీ లేదు. ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర.

మాది మేనరికం. అందువల్లే హార్మోన్లు దెబ్బతిన్నాయా?

మేనరికం వల్ల నెలసరి చెడదు. ఇద్దరిలోనూ దాక్కున్న ఒకే జన్యులోపం బిడ్డలో కలిసే అవకాశం మాత్రం పెరుగుతుంది. అడ్రినల్ గ్రంథి హార్మోన్లు పుట్టుకతోనే తేడాగా ఉండే జబ్బు ఒకటి అలాగే వస్తుంది. ఇంట్లో అలాంటి బిడ్డ పుట్టి ఉన్నా, పసివయసులో బిడ్డలు పోయి ఉన్నా, గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోండి.

## రిపోర్టు చేతికొచ్చాక

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌కు నెలసరి రెండో రోజే ఎందుకు రమ్మంటారు?

ఆ రెండు మూడు రోజుల్లో అండాశయం చేసే హార్మోన్లు అడుగు మట్టంలో ఉంటాయి. అప్పుడు చూస్తేనే, దాన్ని పని చేయించడానికి పిట్యూటరీ ఎంత గట్టిగా అరవాల్సి వస్తోందో తెలుస్తుంది. నెల మధ్యలో తీస్తే ఎల్‌హెచ్ ఎటూ పెరిగే ఉంటుంది, అది చూసి భయపడటమే మిగులుతుంది. చుక్క కనిపించిన రోజును లెక్కపెట్టకండి, బాగా అయిన రోజే ఒకటో రోజు. రాత్రి పది గంటలకు మొదలైతే మరుసటి రోజును ఒకటిగా పట్టుకోవచ్చా అని అడుగుతారు. పట్టుకోండి, మూడో రోజు వరకు తీయొచ్చు కాబట్టి కంగారు లేదు. పొదిలి నుంచి ఎనిమిదో రోజు వచ్చిన ఒకామెను వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు నాకే బాధేసింది. బస్సెక్కే ముందు ఒక ఫోన్ చేయండి.

ఏఎంహెచ్ 0.9 వచ్చింది. నా అండాలు అయిపోయాయా?

తక్కువ ఉన్నాయి, అయిపోలేదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితం మొత్తంలో విడుదలయ్యేవి ఓ నాలుగైదు వందలే. ఏఎంహెచ్ ఆ నిల్వను అంచనా వేస్తుంది, నాణ్యతను కాదు. నాణ్యతను నిర్ణయించేది ఎక్కువగా వయసు. 27 ఏళ్లకు 0.9 వేరు, 41కి 0.9 వేరు. నెలనెలా అండం విడుదలవుతుంటే తక్కువ ఏఎంహెచ్‌తోనూ మామూలుగా గర్భం వస్తుంది. ఐవీఎఫ్‌లో (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతిలో) ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో చెప్పడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది. ఏ రోజైనా తీయొచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే కొంత తక్కువ చూపిస్తుంది, ఆ సంగతి ముందే చెప్పండి.

21వ రోజు ప్రొజెస్టిరాన్ బాగా తక్కువ వచ్చింది. అండం విడుదల కానట్టేనా?

మీకు ఎన్ని రోజులకోసారి వస్తుంది? ఈ పరీక్ష అసలు అర్థం "తర్వాతి నెలసరికి ఏడు రోజుల ముందు". 28 రోజులవాళ్లకు అది 21వ రోజు, 35 రోజులవాళ్లకు 28వ రోజు. అప్పుడు 3 దాటితే అండం విడుదలైనట్టు. తప్పు రోజున తీసిన రిపోర్టుతో ఆరు నెలలు మందులు మింగిన మనిషి మా ఇంట్లోనే ఉంది, మా ఆడబిడ్డ. ఆమెకు 36 రోజులకోసారి వస్తుందని ఎవరూ అడగలేదు.

ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చింది. తలలో గడ్డ అని నెట్‌లో ఉంది. నిజమా?

కొందరిలో పిట్యూటరీలో చిన్న గడ్డ ఉంటుంది, అదీ చాలావరకు క్యాన్సర్ కాదు, మాత్రతో తగ్గేదే. కానీ అంతదాకా పోయే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ప్రొలాక్టిన్ పాలిచ్చే హార్మోన్, అది పెరిగితే అండం విడుదలకు అడ్డుపడుతుంది. నిద్రలో అది సహజంగానే పెరుగుతుంది, సూది భయానికీ, టెన్షన్‌కూ పెరుగుతుంది. లేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు కూర్చుని స్థిమితపడ్డాక ఇవ్వండి.

అందరూ మర్చిపోయేది గ్యాస్ మాత్ర. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ కలిపి ఉంటుంది, అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. కొన్ని మానసిక జబ్బుల మందులూ అంతే, అవి మాత్రం సొంతంగా ఆపకూడదు. థైరాయిడ్ తక్కువైనా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. నేను రక్తం తీసేముందు "గ్యాస్ మాత్ర వేసుకున్నారా" అని అడిగితే చాలామంది "అది మందేంది మేడమ్" అంటారు. మందే. అట్ట చూపించండి.

థైరాయిడ్ మాత్ర వేసుకుని రక్తం ఇవ్వొచ్చా?

రక్తం ఇచ్చాక వేసుకోండి. మామూలు రోజుల్లో లేవగానే నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట కాఫీ, టీ ముట్టకండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి, లేకపోతే ఇది ఒంటికి పట్టదు. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతుంటే చెప్పండి, కొన్ని మెషిన్లలో అది థైరాయిడ్ అంకెలను తారుమారు చేస్తుంది.

## మగవాళ్ల సందేహాలు

నాకంతా బాగానే ఉంది. నేనెందుకు పరీక్ష చేయించుకోవాలి?

కోరిక, సామర్థ్యం వేరు, వీర్యకణాలు వేరు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు నుంచీ కారణం ఉంటుంది. అన్ని పరీక్షల్లో చవకైనదీ, సూది లేనిదీ వీర్య పరీక్షే. అయినా భార్యకు మూడేళ్లు స్కానింగులు అయ్యాక గానీ భర్త డబ్బా పట్టుకోడు. ఇది నాకు కోపం తెప్పించే సంగతి, దాచను.

వీర్యం పోకుండా రెండు నుంచి ఏడు రోజులు ఎడం పాటించి ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. అవును, నాలుగే. "96 శాతం పాడైపోయాయి" అని బెంబేలెత్తకండి. ఒక్కసారి తక్కువొస్తే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. కౌంటు బాగా తక్కువైతే ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ చూస్తారు. టెస్టోస్టిరాన్ పొద్దున పదిలోపు, పరగడుపున ఇవ్వాలి, సాయంత్రానికి అది తగ్గుతుంది.

జిమ్‌లో ఇంజెక్షన్లు వేసుకున్నాను. మగతనం పెరుగుతుంది కదా, కౌంటు సున్నా ఎందుకొచ్చింది?

అవి వేసుకున్నందుకే. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే మెదడు "ఇక్కడ సరిపడా ఉంది" అనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆపేస్తుంది. అవి లేకపోతే వృషణాలు వీర్యకణాలు చేయవు, చిన్నవైపోతాయి కూడా. ఆపాక చాలామందికి తిరిగొస్తుంది, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పండి.

పొగాకు బ్యారన్ దగ్గర పని. వేడికి దెబ్బతింటుందా?

వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే ప్రకృతి వాటిని బయట పెట్టింది. బ్యారన్ పొయ్యి దగ్గర, లారీ ఇంజిన్ మీద గంటల తరబడి ఉంటే కౌంటు తగ్గొచ్చు. బిగుతు బట్టలు మానండి, మధ్యమధ్యలో లేచి గాలికి రండి. పొగ, గుట్కా ఆపండి. ఒక వీర్యకణం తయారవడానికి 70 రోజులకు పైగా పడుతుంది కాబట్టి ఫలితం మూడు నెలలకు గానీ రిపోర్టులో కనబడదు. పదిహేను రోజులకే మళ్లీ పరీక్షకు రాకండి, డబ్బు దండగ.

## చికిత్సలో ఉన్నప్పుడు

ఇంజెక్షన్లతో ఒకేసారి పది అండాలు తీస్తే, నా అండాలు తొందరగా అయిపోవా?

అయిపోవు. ప్రతి నెలా ఒక గుంపు ఫాలికల్స్ బయలుదేరతాయి, ఒకటి గెలుస్తుంది, మిగతావి వాటంతటవే ఎండిపోతాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ ఆ ఎండిపోయేవాటిని నిలబెడుతుంది, వచ్చే నెలవాటిని ముట్టుకోదు. ఇంజెక్షన్ల తర్వాత పొట్ట ఉబ్బి, ఆయాసం వచ్చి, మూత్రం తగ్గితే మాత్రం రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లండి.

మద్రాసు పోతేనే మంచిదా?

ఊరు కాదు, రిజిస్ట్రేషన్ చూడండి. 2021 చట్టం ప్రకారం ఐవీఎఫ్ కేంద్రాలు నమోదై ఉండాలి. ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55 ఏళ్ల హద్దు ఉంది. రోజు విడిచి రోజు స్కానింగ్ ఉంటుంది కాబట్టి ప్రయాణం కూడా లెక్కేసుకోండి.

## నెల తప్పాక, కాన్పు తర్వాత

రెండో గీత లేతగా వచ్చింది. గర్భమేనా?

గీత లేతదైనా సాధారణంగా గర్భమే. హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ అప్పుడే మొదలైంది, రెండు రోజులాగి పొద్దున మొదటి మూత్రంతో చూడండి. అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే కథ వేరు. ఆ మందే పది పద్నాలుగు రోజులు కిట్‌లో గీత చూపిస్తుంది. ఈలోపు బంధువులందరికీ ఫోన్లు చేయకండి.

గర్భం వచ్చింది కదా, థైరాయిడ్ మాత్ర బిడ్డకు మంచిది కాదేమో?

మానితేనే మంచిది కాదు. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. గర్భంలో అవసరం పెరుగుతుంది, చాలామందికి మోతాదు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. కిట్‌లో గీత రాగానే డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, నెలకోసారి చూస్తూ ఉండాలి.

పాలిస్తున్నాను, నెలసరి రాలేదు. గర్భం రాదు కదా?

మూడు షరతులు ఒకేసారి ఉంటే రావడం అరుదు: బిడ్డకు ఆరు నెలల్లోపు, రాత్రీ పగలూ తల్లిపాలే, నెలసరి ఇంకా మొదలు కాలేదు. డబ్బా పాలో, ఉగ్గో మొదలుపెడితే ఆ ధీమా పోయినట్టే. మొదటి అండం నెలసరి కంటే ముందే రావొచ్చు, అందుకే "నెలసరే రాలేదు, నెల ఎట్లా తప్పింది" అంటూ వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు.

## నలభై దాటాక

పిల్లలు చాలు, బ్లీడింగ్ ఎక్కువగా ఉంది. గర్భసంచి తీసేయిస్తే పీడ పోతుందా?

గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది దేశంలోనే ముందు వరుస. ముప్పై అయిదేళ్లకే తీయించుకున్నవాళ్లు ఊరికి పదిమంది కనిపిస్తారు. గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, హార్మోన్లు చేసేది అండాశయాలు. రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజే మెనోపాజ్: ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు ముందే రావడం. ఉంచినా కొందరికి కాస్త ముందుగా మెనోపాజ్ వస్తుంది. క్యాన్సర్ గానీ, మందుకు లొంగని పెద్ద గడ్డలు గానీ లేకపోతే మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్ ముందు ప్రయత్నించొచ్చా అని అడగండి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం పారేయకండి. "ఏం తీశారమ్మా" అంటే "అంతా తీశారు" అంటారు, అండాశయాలు ఉన్నాయో లేవో ఆ కాగితమే చెప్పాలి.

47 ఏళ్లు. నాలుగు నెలలుగా రాలేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ చేస్తారా?

అడిగితే చేస్తాం, డబ్బూ తీసుకుంటాం, కానీ మీకు అవసరం లేదు. 45 దాటాక ఈ దశలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ నెల ఎక్కువ, వచ్చే నెల మామూలు. మన దేశంలో మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది, వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగినట్టు. అందాకా గర్భం వచ్చే అవకాశం కొంత ఉంటుంది, ముందు ఒక కిట్ కొని చూసుకోండి. 40 లోపే ఆగితే మాత్రం పరీక్షలు తప్పనిసరి. ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా నా దగ్గరికి కాదు, నేరుగా ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.